రెండో నంబర్ జెర్సీ ఎస్కోబార్

చిన్నా,

ఫెస్ట్ ఫోటోలు చూశాను. అందరూ బాగున్నారు, నువ్వు కొంచెం చిక్కావు. నీ నల్ల టీషర్టు మీద నవ్వుతున్న ఆ మీసాలాయన ఎవరో చూడగానే తెలిసింది. మొన్న ఫోన్లో ఆ మాట ఎత్తితే "పేదవాళ్లకి ఇళ్లు కట్టించాడమ్మా, గ్రౌండ్లు వేయించాడు, కొలంబియా ఫుట్‌బాల్‌ని పైకి తెచ్చిందే ఆయన" అన్నావు, అంతలో క్లాసుకి టైమైందని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. మీ పెద్ద మావయ్యతో కలిసి 94 వరల్డ్ కప్ చూసినదాన్ని, ఈ విషయం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిగ్గా చదువు.

నువ్వన్నదాంట్లో నిజం లేకపోలేదు. నీ టీషర్టు మీదున్న ఆ కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ మెడెయిన్ నగరంలో కొండవాలు బస్తీల్లో గ్రౌండ్లు వేయించాడు, రాత్రిళ్లు ఆడుకోవడానికి ఫ్లడ్‌లైట్లు పెట్టించాడు. చెత్తకుప్పల మీద బతికేవాళ్లకి ఇళ్లు కట్టించి ఇచ్చాడు, ఆ బస్తీని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. ఫుట్‌బాల్ పిచ్చి కూడా నటన కాదు. కానీ క్లబ్బుల్లోకి డబ్బు పోసింది అతనొక్కడే కాదు, ఆ పోయడం ఆట మీద ప్రేమతో మాత్రమే కూడా కాదు. రాజధాని బొగోటాలో మిల్యొనారియోస్ క్లబ్బు వెనక రోద్రిగెస్ గాచా, కాలి నగరంలో అమెరికా ది కాలి అనే క్లబ్బు వెనక రోద్రిగెస్ ఒరెహువేలా అన్నదమ్ములు, మెడెయిన్‌లో పాబ్లో. అందరిదీ కొకైన్ డబ్బే. లెక్క చూపించలేని నోట్ల కట్టలున్నవాడికి ఫుట్‌బాల్ క్లబ్బు ఎంత పనికొస్తుందో నువ్వు కామర్స్ స్టూడెంటువి, నీకు నేను చెప్పక్కర్లేదు. స్టేడియంలో పదివేల మంది కూర్చుంటే పుస్తకంలో ముప్ఫై వేల టికెట్లు అమ్మినట్టు రాయొచ్చు. ఆటగాడిని కొన్న ధర ఒకటి, కాగితం మీద ధర ఇంకొకటి. నల్లడబ్బు గేటు దగ్గర లోపలికి వెళ్లి తెల్లగా బయటికొస్తుంది.

ఆ డబ్బుతో ఆట బాగుపడిందా అంటే, పడింది. మంచి జీతాలు రావడంతో మంచి ఆటగాళ్లు దేశంలోనే ఉండిపోయారు, బయటి దేశాల నుంచి స్టార్లు వచ్చారు. అమెరికా ది కాలి 1985, 86, 87 వరుసగా మూడేళ్లు దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు కోపా లిబెర్తదోరెస్ ఫైనల్‌కి వెళ్లింది, మూడూ ఓడిపోయింది. 1989లో మెడెయిన్ జట్టు అత్లెతికో నాసియొనాల్ ఆ కప్పు గెలిచింది, కొలంబియా క్లబ్బు ఒకటి దాన్ని గెలవడం అదే మొదటిసారి. అది కూడా విదేశీ ఆటగాడు ఒక్కడు కూడా లేని జట్టుతో. ఫైనల్ పెనాల్టీల దాకా పోయింది, గోల్‌కీపర్ ఇగీతా నాలుగు ఆపాడు. ఆ రోజు గెలుపుని కొలంబియా వాళ్లు ఎంత ముద్దుగా చెప్పుకుంటారో, చెప్పుకుంటూ ఎక్కడో ఒకచోట ఎలా ఆగిపోతారో గమనిస్తే వాళ్ల బాధ నీకే అర్థమవుతుంది. ఆ ఆటగాళ్ల చెమట నిజం, ఆ డబ్బు మీద రక్తం ఉందన్నదీ నిజం.

అదే ఏడాది ఏం జరిగిందో చెప్తా విను. 1989 అక్టోబరులో కాలి నగరంలో మ్యాచ్, అమెరికా ది కాలి మీద ఇందిపెందియెంతె మెడెయిన్ జట్టు. రిఫరీ పేరు ఆల్వరో ఒర్తేగా. మెడెయిన్ కొట్టిన ఒక గోల్ చెల్లదన్నాడు, 3-2తో కాలి జట్టు గెలిచింది. మూడు వారాలు కూడా కాలేదు, నవంబరు 15న అవే రెండు జట్లకి మెడెయిన్‌లో మ్యాచ్, ఒర్తేగా లైన్స్‌మన్‌గా వెళ్లాడు. మ్యాచ్ అయ్యాక తోటి రిఫరీతో కలిసి హోటల్‌కి వస్తుంటే వీధిలో కాల్చి చంపారు. పక్కవాణ్ణి వదిలేశారు, ఈయన్నే చంపారు. పందెం డబ్బు పోయిందన్న కోపంతో పాబ్లోయే చంపించాడని అతని దగ్గర హంతకుడిగా పనిచేసినవాడే ఏళ్ల తర్వాత చెప్పాడు. ఆ ఏడాది లీగ్‌ని మధ్యలోనే రద్దు చేశారు. కొలంబియా ఛాంపియన్ల జాబితా తెరిచి చూడు, 1989కి ఎదురుగా ఏ క్లబ్బు పేరూ ఉండదు. పాబ్లో ఫుట్‌బాల్‌కి ఏం చేశాడని నన్ను అడిగితే ముందు ఆ ఖాళీ గడి చూపిస్తాను.

అంతకుముందు 1983లోనే న్యాయశాఖ మంత్రి రోద్రిగో లారా బొనియా క్లబ్బుల్లోకి డ్రగ్స్ డబ్బు వస్తోందని పేర్లతో సహా బయటపెట్టాడు. 1984 ఏప్రిల్ 30న బొగోటాలో మోటార్ సైకిల్ మీద వచ్చినవాళ్లు కారులోనే ఆయన్ని చంపేశారు. ఫుట్‌బాల్ ఒక్కటే కారణం కాదు, పాబ్లో మొత్తం వ్యాపారాన్నే ఆయన కదిలించాడు. కానీ ఆ తర్వాత క్లబ్బుల గురించి నోరెత్తడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మనిషి. ఆంద్రెస్ ఎస్కోబార్. ఇంటిపేరు ఒకటే గానీ పాబ్లోకి చుట్టం కాడు. బ్యాంకు ఉద్యోగి కొడుకు, డిఫెండర్, నంబర్ 2. ఒకరిని తన్నేవాడు కాదు, రిఫరీ మీద అరిచేవాడు కాదు, అందుకే ఫుట్‌బాల్ పెద్దమనిషి అని పిలిచేవాళ్లు. 1988లో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద తలతో గోల్ కొట్టి మ్యాచ్ 1-1 చేసింది ఇతనే. 89 ఫైనల్లో మొదటి పెనాల్టీ కొట్టిందీ ఇతనే. పాబ్లో ప్రభుత్వానికి లొంగిపోయి తనే కట్టించుకున్న జైల్లో ఉన్నప్పుడు ఆటగాళ్లని పిలిపించుకునేవాడు, రానని చెప్పే వీలు ఎవరికీ ఉండేది కాదు. ఆంద్రెస్ మనసు చంపుకునే వెళ్లాడని ఇంట్లోవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఇగీతా అయితే ఒక కిడ్నాప్ వ్యవహారంలో మధ్యవర్తిగా వెళ్లి 1993లో నెలల తరబడి జైల్లో ఉన్నాడు, అందువల్లే 94 వరల్డ్ కప్‌కి వెళ్లలేకపోయాడు.

1993 సెప్టెంబరు 5న బ్యూనస్ ఎయిరెస్‌లో అర్జెంటీనాని 5-0తో కొట్టారు. వాళ్ల సొంత గ్రౌండులో! రింకోన్ రెండు, అస్ప్రియా రెండు, వాలెన్సియా ఒకటి. స్టాండ్స్‌లో కూర్చున్న మారడోనా కూడా లేచి చప్పట్లు కొట్టాడు. పీలే అయితే వరల్డ్ కప్ కొలంబియాదే అన్నాడు. డిసెంబరు 2న పాబ్లో పోలీసుల చేతిలో చచ్చాడు. ఇక మంచిరోజులు వచ్చాయని ఆ దేశం అనుకుని ఉంటుంది, మావయ్యా నేనూ ఇక్కడ కూర్చుని అలాగే అనుకున్నాం.

94 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో రుమేనియా చేతిలో 3-1తో ఓడారు. అప్పటికే ఆటగాడు ఎర్రేరా చిన్న కొడుకుని ఎవరో ఎత్తుకుపోయి తిరిగి వదిలారు, ఓడిన తర్వాత అతని తోడబుట్టినవాడు కారు ప్రమాదంలో పోయాడు. అమెరికా దేశంతో మ్యాచ్‌కి ముందు హోటల్‌కి బెదిరింపులొచ్చాయి: గాబ్రియెల్ గోమెస్‌ని ఆడిస్తే చంపేస్తామని. అతను అసిస్టెంట్ కోచ్‌కి తమ్ముడు. కోచ్ మతురానా అతన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌తో పదకొండు మంది గ్రౌండులోకి దిగారు. మాకు మాత్రం ఇదేమీ తెలీదు, ఇంత మంచి జట్టు ఇలా కాళ్లు కట్టేసినట్టు ఎందుకు ఆడుతోందని తిట్టుకుంటూ చూశాం.

1994 జూన్ 22. ఫస్ట్ హాఫ్‌లో అమెరికా ఆటగాడు హార్క్స్ ఎడమవైపు నుంచి బంతిని అడ్డంగా లోపలికి కొట్టాడు. వెనక ఇంకో అమెరికా ఆటగాడు కాచుకుని ఉన్నాడు, వదిలేస్తే గోల్ అయ్యేలా ఉంది. ఆంద్రెస్ జారుతూ కాలు చాపాడు. ఏ డిఫెండరైనా చాపాల్సిందే, చాపకపోతే తప్పు. గోల్‌కీపర్ అప్పటికే అటువైపు కదిలిపోయాడు, బంతి కాలికి తగిలి ఇటువైపు నుంచి నెట్‌లోకి వెళ్లింది. అతను వెల్లకిలా పడి రెండు చేతులూ తల మీద పెట్టుకుని కొద్దిసేపు అలాగే ఉండిపోయి లేచాడు. ఇంట్లో టీవీ చూస్తున్న అతని మేనల్లుడు, తొమ్మిదేళ్ల పిల్లాడు, "అమ్మా, మావయ్యని చంపేస్తారు" అన్నాడట. ఆ వయసు పిల్లాడికి ఆ మాట ఎలా వచ్చిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మెడెయిన్‌లో 1991లో ఒక్క ఏడాదిలో ఆరువేల మందికి పైగా హత్యకి గురయ్యారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లాడికి చావంటే రోజూ వినే కబురు.

2-1తో ఓడి, తర్వాత స్విట్జర్లాండ్‌ని గెలిచినా ఇంటికొచ్చేశారు. ఆంద్రెస్ ఎల్ తియెంపో పత్రికలో జరిగినదాని గురించి రాశాడు, జీవితం ఇక్కడితో అయిపోదు అని ముగించాడు. కొన్నాళ్లు బయటికి వెళ్లొద్దని తోటివాళ్లు చెప్పారు. వినలేదు, నా ఊరు, నా జనం, మొహం చాటేయడం ఎందుకనుకున్నాడు. జులై 2 తెల్లవారుజామున ఒక నైట్‌క్లబ్బు పార్కింగ్‌లో, కారులో కూర్చుని ఉండగా కాల్చారు, ఆరు గుళ్లు. 27 ఏళ్లు. పెళ్లి కుదిరి ఉంది. లోపల ఆ గోల్ గురించి ఎగతాళి చేసింది గాయోన్ అన్నదమ్ములు, కాల్చింది వాళ్ల డ్రైవర్ ఉంబెర్తో మున్యోస్. డ్రైవర్‌కి 43 ఏళ్ల శిక్ష వేశారు, తగ్గించి తగ్గించి 2005లోనే వదిలేశారు. ఆ అన్నదమ్ములకి మాత్రం హత్యానేరం మీద శిక్ష పడలేదు.

అంతిమయాత్రకి లక్ష మందికి పైగా వచ్చారు. మావయ్య ఆ వార్త పేపర్లో చదివి పేపర్ మడిచి పక్కన పెట్టేశాడు, ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకు చంపారన్నదాని మీద అక్కడి అభిమానుల్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. పందేల్లో డబ్బు పోయినవాళ్ల పని అని కొందరు. పందెం లేదు ఏమీ లేదు, తాగి నోరు పారేసుకున్నవాళ్లకి ఒకడు ఎదురు జవాబు చెప్పాడు, ఆ రోజుల్లో అంతమాత్రానికే తుపాకీ తీసేవాళ్లు అని కొందరు. నాకు రెండోదే ఎక్కువ భయంగా ఉంటుంది. మూడో మాట కూడా ఉంది, దానికే నాకు ఒళ్లు మండుతుంది: పాబ్లో బతికుంటే ఆంద్రెస్‌ని ఎవడూ తాకేవాడు కాదు అని. మరి ఒర్తేగాని కాల్చినప్పుడు పాబ్లో బతికే ఉన్నాడు కదరా! ఆ అన్నదమ్ములకి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? మనిషిని చంపితే ఏమీ కాదని పదిహేనేళ్లు ఆ ఊరికి నేర్పింది ఎవరు?

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, మరి ఆ కప్పులన్నీ వెనక్కి ఇచ్చేయాలా అని. అక్కడ నిజంగానే ఆ చర్చ జరిగింది. 2012లో మిల్యొనారియోస్ క్లబ్బు అధ్యక్షుడు 1987, 88 టైటిళ్లు వదులుకుందామా అన్నాడు. అభిమానులు భగ్గుమన్నారు, టైటిళ్లు అలాగే ఉన్నాయి. అభిమానులదే న్యాయం అనిపిస్తుంది నాకు. గాచా సంగతి వేరు, ఎండలో పరిగెత్తిన కుర్రాడి సంగతి వేరు. కప్పు తిరిగిస్తే చేతులు కడిగేసుకున్నట్టవుతుంది, అప్పుడు ఇంకెవరూ అడగరు. ఉంచుకుంటే ప్రతి తరం ఎవడో ఒకడు లేచి, దీనికి డబ్బెక్కడిది అని అడుగుతాడు. అమెరికా ది కాలి మాత్రం వేరేలా మూల్యం చెల్లించింది. డ్రగ్స్ డబ్బు కారణంగా అమెరికా దేశ ప్రభుత్వం ఆ క్లబ్బుని ఆంక్షల జాబితాలో పెట్టడంతో స్పాన్సర్లు దగ్గరికి రాలేదు, బ్యాంకు పనులు జరగలేదు, 2011లో రెండో డివిజన్‌కి పడిపోయింది. 2013లో జాబితా నుంచి తీశారు, పై డివిజన్‌కి రావడానికి 2016 అయింది. ఒరెహువేలా అన్నదమ్ముల్ని ఎన్నడూ కళ్లతో చూడని పిల్లలు, తాతలనాటి జట్టు అని టికెట్ కొని ఆ ఏళ్లన్నీ రెండో డివిజన్ మ్యాచ్‌లకి వెళ్లారు.

మెడెయిన్‌లో ఆంద్రెస్ విగ్రహం ఉంది, నాసియొనాల్ మ్యాచ్‌లకి అభిమానులు అతని బొమ్మ ఉన్న బ్యానర్లు తెస్తారు, జులై 2 వస్తే పత్రికలన్నీ గుర్తు చేస్తాయి. అలాగని అన్నీ మారిపోయాయని చెప్పను. 2018 వరల్డ్ కప్‌లో కార్లోస్ సాంచెస్ జపాన్ మీద మూడో నిమిషంలో రెడ్ కార్డు తీసుకుంటే చంపుతామని ఆన్‌లైన్లో రాశారు. ఇంగ్లండ్ మీద పెనాల్టీలు పోగొట్టిన ఉరిబే, బాకాలకీ అవే బెదిరింపులు. ఆ మ్యాచ్ జులై 3న, ఆంద్రెస్ పోయిన తేదీకి మర్నాడే. ఫోన్లో అలాంటి మెసేజ్ కొట్టినవాళ్లలో చాలామంది నీ వయసువాళ్లే అయ్యుంటారు, 94కి పుట్టి కూడా ఉండరు.

ఆ టీషర్టు పారేయమని చెప్పను, అది నీ ఇష్టం. మెడెయిన్‌లో కూడా పర్యాటకులకి వాటిని అమ్ముతారు. పాబ్లో ముఠా చేతుల్లో ఇంటిమనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఆ వీధుల్లోనే తిరుగుతుంటారు, వాటిని చూడలేక తల తిప్పుకుంటారు. ఈ ఆదివారం ఖాళీ ఉంటే 93 నాటి ఆ 5-0 మ్యాచ్ చూడు. రింకోన్ మొదటి గోల్ ఎలా కొట్టాడో చూడు, వాల్దెర్రామా పాస్ ఎంత నెమ్మదిగా వచ్చిందో చూడు. రింకోన్ కూడా 2022లో కారు ప్రమాదంలో పోయాడు. చూశాక ఫోన్ చెయ్, ఆ జట్టు గురించి మావయ్య నీతో గంటలు గంటలు మాట్లాడతాడు. నాన్న డబ్బులు వేశారు, మెస్ ఫీజు కట్టెయ్.

మీ అమ్మ