కబురు కన్నా ముందు ఫొటో చేరకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తమవాళ్లు ఉన్నారో లేరో తెలియక ఆ కుటుంబాలు అల్లాడుతుంటే, కాలిన దేహాల వీడియోలు మన ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

బస్సు ఫొటో వేయొద్దని నేననను. పెద్దగా వేయండి. స్లీపర్ బస్సులో బయటపడే దారి ఎంత ఇరుకో ఆ ఇనుప చట్రాన్ని చూస్తేనే తెలుస్తుంది. భోపాల్‌లో 1984లో మట్టిలో పూడ్చిపెడుతున్న పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలోమ్యూ ఫొటో తీశారు. విషవాయువు ఎంత ఘోరం చేసిందో ప్రపంచానికి ఆ ముఖమే చెప్పింది. అలాంటివి వేయాల్సిందే. కానీ లారీ కింద నలిగిన మనిషి క్లోజప్ ఎవరి తప్పును బయటపెడుతుంది?

మృతదేహాలను, రక్తాన్ని బ్లర్ కూడా చేయకుండా దగ్గర నుంచి చూపిస్తున్నారని, సోషల్ మీడియా వీడియోలను యథాతథంగా వేస్తున్నారని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2023 జనవరి 9న టీవీ ఛానళ్లను తప్పుపట్టింది. ఇప్పుడు చాలామంది ముఖానికి మాత్రం బ్లర్ పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. కన్నవాళ్లకు ముఖమే కనపడాలా? చొక్కా, చెప్పులు, చేతి మీద పచ్చబొట్టు చాలవా? మా వీధిలో ఒకావిడ వాట్సాప్‌లో వచ్చిన ఛానల్ క్లిప్‌లో గళ్ల చొక్కా చూసి కొడుకును గుర్తుపట్టింది. ఆ చొక్కా పండక్కి తనే కొనిచ్చింది. పోలీసుల ఫోన్ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ఆ తల్లికి ఆ కబురు ఒక మనిషి నోట, పక్కన నలుగురూ ఉండగా అందాల్సింది.

కాబట్టి మీ పత్రిక ఒక నియమం పెట్టుకోవాలని కోరుతున్నాను. ఇంటివాళ్లకు కబురు చేరిందని పోలీసులనో ఆసుపత్రినో అడిగి తెలుసుకునేదాకా మృతదేహం ఫొటో వేయకండి. పేపర్లోనే కాదు, వెబ్‌సైట్‌లో, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో కూడా వద్దు. ఊళ్లో విలేకరి పంపినా, ఎవరో ఫార్వర్డ్ చేసినా ఇదే వర్తించాలి. తర్వాతైనా, వేయక తప్పదనుకుంటే ఎందుకు వేశారో ఫొటో కిందే రెండు ముక్కలు రాయండి. ఈ నియమాన్ని మీ పేజీలోనే అచ్చువేస్తే, తప్పిన రోజు పాఠకులం మిమ్మల్ని నిలదీయగలం.

– ఒక పాఠకుడు, కర్నూలు