బాలి స్థలాల ప్రకటనల్లో హక్కు పేరు కూడా అచ్చువేయాలి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి నమస్కారాలు.

ఇండొనేషియాలోని బాలి ద్వీపంలో స్థలాలు, ఇళ్లు అమ్ముతామంటూ ఈ మధ్య మన తెలుగు పత్రికల్లోనూ ఫోన్లలోనూ వస్తున్న ప్రకటనలను చూసి ఈ లేఖ రాస్తున్నాను. భీమవరం దగ్గర నుంచి రొయ్యల హేచరీ పని మీద ఇక్కడికి వచ్చి, ఉత్తర బాలిలోని సింగరాజ పట్టణం నడిబొడ్డున ఆరేళ్లుగా అద్దె ఇంట్లో కాపురం ఉంటున్నవాడిని కనుక, ఆ ప్రకటనలు చెప్పే మాటకూ ఇక్కడి చట్టానికీ ఎంత దూరమో నాకు తెలుసు. వాటిలో ధర ఉంటుంది, సముద్రం ఫొటో ఉంటుంది, ‘సొంతం’ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టినవాడికి దక్కే హక్కు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఆ పేరు లేని ప్రకటనను పత్రికలు తీసుకోకూడదని నా విన్నపం.

సింగరాజ బులెలెంగ్ జిల్లాకు ముఖ్యపట్టణం. డచ్చివారి కాలంలో వారి పాలనాధికారి (రెసిడెంటు) కొలువు ఇక్కడే ఉండేది. బాలి కూడా కలిసి ఉన్న నుసా తెంగారా (మొదటి పేరు సుండా కెచిల్) రాష్ట్రాన్ని 1958లో విడదీసిన తర్వాత, 1960లో డెన్‌పసార్‌ను బాలికి రాజధాని చేసేదాకా రాష్ట్ర రాజధాని కూడా ఇదే. ఇప్పుడు ఆ హడావిడి లేదు. పాత రేవు, దాని పక్కన 1873 నాటి చైనా గుడి, ఆ వెనక బూగిస్ ముస్లింల పేట, ఇంకాస్త లోపలికి వస్తే తెల్లవారకముందే జనంతో నిండే పసార్ అన్యర్ మార్కెట్, ఇవన్నీ నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉంటాయి. 1928లో నెలకొల్పిన గెడోంగ్ కీర్త్య గ్రంథాలయంలో చెక్క అట్టల మధ్య తాడు గుచ్చి కట్టిన తాటాకు గ్రంథాలను మొదటిసారి చూసినప్పుడు, మా తాతగారి ఇంటి అటక మీద పాత గుడ్డలో చుట్టి ఉండే కట్ట గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇక్కడ బతకడం కష్టం కాదు. ఇంటి అద్దె ఏడాదికి సరిపడా ముందే కట్టాలి. వచ్చిన వెంటనే వార్డు కార్యాలయంలోనూ పేట పెద్ద దగ్గరా పేరు నమోదు చేయించుకోవాలి, పేట ఖర్చులకు బయటివారి వంతు చెల్లించాలి. న్యెపి పండుగనాడు ఇరవై నాలుగు గంటలూ ఇల్లు కదలకూడదు, దీపం వెలిగించకూడదు, విమానాశ్రయమే మూసేస్తారు. ఈ మర్యాదలు పాటిస్తే పొరుగువారు మనవాళ్లలా చూసుకుంటారు. మా ఇంటావిడకు జ్వరం వచ్చిన వారంలో పక్కింటి పెద్దావిడ రోజూ గంజి కాచి తెచ్చి పెట్టింది. ఇక్కడ అద్దెలు వచ్చేది పర్యాటకుల వల్ల కాదు. గణేశ విశ్వవిద్యాలయం విద్యార్థులు నెల అద్దెకు దిగే కోస్ గదుల వల్ల, ఉద్యోగుల కుటుంబాల వల్ల, కింద దుకాణం పైన ఇల్లుగా ఉండే రుకోల వల్ల. పర్యాటకులు ఊరికి పడమట లొవినా తీరంలో దిగుతారు. ప్రకటనల్లోని ‘రిసార్టు ఆదాయం’ ఈ పేటలో పుట్టేది కాదు.

ఇక అసలు సంగతి. ఇండొనేషియా 1960 నాటి మౌలిక భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే చెల్లుతుంది. ఇక్కడ నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి కౌలు కాక, హక్ పకాయ్ అనే వినియోగ హక్కు దొరుకుతుంది. 2021 నాటి నిబంధనల ప్రకారం అది మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20 ఏళ్లు, ఆపైన మళ్లీ 30 ఏళ్లు. అయితే బాలిలో విదేశీయుడు కొనదగిన ఇంటికి 2022లో ప్రభుత్వం పెట్టిన కనీస ధర 500 కోట్ల రుపియాలు, మన డబ్బులో రెండున్నర కోట్లకు పైమాటే. సింగరాజ నడిపేటలోని మామూలు ఇళ్లు ఆ ధర దరిదాపుల్లో ఉండవు. కంపెనీ పెట్టి దాని పేరున హక్ గునా బంగునన్, అంటే భవనం కట్టి వాడుకునే హక్కు, తీసుకోవచ్చు గానీ, విదేశీ కంపెనీకి స్థలం, భవనం ఖర్చు కాక 1,000 కోట్ల రుపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపించాలి. అంటే 20, 30 లక్షలు చేత పట్టుకుని వచ్చే మనవాడికి ఈ పేటలో చట్టం తెరిచి ఉంచిన దారి దాదాపు ఒక్కటే, కౌలు. ఆ కౌలునే ‘సొంతం’ అని అమ్ముతున్నారు, లేదా స్థానికుడి పేరున బినామీగా కొనిపిస్తున్నారు.

బినామీ మాట మనకు కొత్తది కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకుండా ఆపే 1/70 చట్టాన్ని తప్పించుకోవడానికి గిరిజనుల పేరున భూమి రాయించి, చివరికి అటు డబ్బూ ఇటు భూమీ పోగొట్టుకున్నవారి కథలు మన జిల్లాల్లో ఎన్నో విన్నాం. ఇక్కడి చట్టం ఇంకా కఠినం. భూమి యాజమాన్యాన్ని నేరుగా గానీ చాటుగా గానీ విదేశీయుడికి దక్కేలా చేసే ఏ ఒప్పందమైనా చెల్లదని, ఆ భూమి ప్రభుత్వపరం అవుతుందని, కట్టిన డబ్బును తిరిగి అడిగే హక్కు కూడా ఉండదని 26వ సెక్షన్ సూటిగా చెబుతోంది. పక్కన ఎన్ని అప్పు పత్రాలు, ఎన్ని జనరల్ పవరాఫ్ అటార్నీలు రాయించుకున్నా దీని నుంచి తప్పించుకోలేరు.

మా ఊరి ఆయన ఒకరు, నాకు వరసకు బావ, భీమవరంలో ఈ స్థలాలు అమ్మేవారు పెట్టిన ఒక సమావేశానికి వెళ్లి ఇక్కడ నాలుగు ఆరెలు ‘కొన్నాడు’. బాలిలో భూమిని ఆరెల్లో కొలుస్తారు. ఒక ఆరె 100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. ఆయన పంపిన కాగితాలను తీసుకుని నేను ఒక నోటరీ దగ్గరికి వెళ్లాను. ఆమె మొదటి పేజీ చదివి, పెన్నుతో ఒక్క మాట కింద గీత గీసి నా వైపు తిప్పింది. ‘సెవా’ అని ఉంది, అంటే కౌలు. గడువు 25 ఏళ్లు. పొడిగింపు ధర ‘అప్పటి మార్కెట్టును బట్టి’ అని ఉంది. అంతకంటే చిక్కు, భూమి ధ్రువపత్రం ఇప్పటికీ కౌలుకిచ్చినవారి చనిపోయిన తాత పేరునే ఉంది. వారసులు ముగ్గురిలో సంతకం పెట్టింది ఒక్కరే. మా బావకు ఆ సాయంత్రం ఫోన్ చేసి ఈ సంగతి చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన ఇంకేమీ అనలేదు, “అమ్మాయి పెళ్లికి దాచింది రా” అన్నాడు.

విమానాశ్రయం ఆశ కూడా చూపిస్తున్నారు. ఉత్తర బాలిలో విమానాశ్రయం వస్తుందన్న మాట పదేళ్లకు పైగా వినబడుతోంది. నేను ఈ లేఖ రాసే నాటికి ఇక్కడ రన్‌వే లేదు. దక్షిణాన ఉన్న విమానాశ్రయం నుంచి కొండ దారిలో మూడు గంటలు పట్టే ఊరిని ‘విమానాశ్రయానికి దగ్గర’ అని అమ్మడం తప్పు.

మన వైపు నియమాలు కూడా ఆ సమావేశాల్లో ఎవరూ చెప్పరు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపదగినది 2.5 లక్షల డాలర్లు. అలా సంపాదించిన ఆస్తిని ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపించాలి. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు.

సింగరాజకు రావద్దని నేను అనడం లేదు. వచ్చి ఒక ఏడాది అద్దెకు ఉండి, వానకాలం, న్యెపి చూసి, పేటవారికి ముఖం పరిచయమయ్యాక, వారసులందరూ సంతకం పెట్టిన కౌలును పొడిగింపు ధరతో సహా నోటరీ ముందు రాయించుకుంటే, ఇక్కడ చిన్న కోస్ ఇల్లు నడుపుకోవడానికి తగిన అనుమతులు ఉన్నవారికి మంచి జీవనమే. కానీ ఆ నిర్ణయం కళ్లు తెరుచుకుని తీసుకోవాలంటే ప్రకటనలోనే ఆ స్థలం హక్ మిలికా, పకాయా, గునా బంగుననా, సెవానా, గడువు ఎన్నేళ్లు, ధ్రువపత్రం ఎవరి పేరున ఉంది అన్నది తెలుగులో ఉండాలి. మీ ప్రకటనల విభాగం ఈ నియమాన్ని పెట్టుకుంటే, ఈ హక్కుల వివరాన్ని పాఠకులకు అర్థమయ్యేలా తెలుగులో రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సింగరాజ (స్వస్థలం భీమవరం ప్రాంతం)