మూడు వీడియోలు పది రోజులు ఆలస్యం, కారణం తాడిచెట్లు

మా విజయవాడ స్టూడియోకి వెంచర్ వాక్‌త్రూలు, అంటే రాబోయే లేఅవుట్‌లో నడుస్తున్నట్టు చూపించే కంప్యూటర్ వీడియోలు, అప్పజెప్పిన అందరికీ నమస్కారం. ఈ నెల ఇవ్వాల్సిన మూడు వీడియోలు పది రోజులు ఆలస్యమవుతాయి. కరెంటు మీదకి నెట్టేయొచ్చు గానీ, తప్పు మాదే.

పోయిన నెల కొండపల్లి వైపు లేఅవుట్ వీడియో చూపిస్తుంటే ఓనరుగారి నాన్నగారు ఆపమన్నారు. "ఏమయ్యా, ఈ తాడిచెట్లు కొండెలా ఎక్కాయి?" అందరం నవ్వేశాం. ఆఫీసుకొచ్చి మళ్ళీ చూస్తే నవ్వు రాలేదు. రెండు వేపచెట్ల మొదళ్ళు ఒకదాన్లో ఒకటి దూరిపోయి ఉన్నాయి.

ఇన్నాళ్ళూ చెట్లని ర్యాండమ్‌గా చల్లేవాళ్ళం, అదే సహజం అనుకుని. గుప్పెడు వడ్లు గచ్చు మీద చల్లి చూడండి, ఒకచోట కుప్ప, పక్కనే బోడి. దీనికి మందు పాయిసన్ డిస్క్ పద్ధతి: ఏ రెండు చెట్లూ ఫలానా దూరం కన్నా దగ్గరికి రాకూడదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు రాబర్ట్ బ్రిడ్సన్ 2007లో దీన్ని బాగా తేలిక చేశారు. ఉన్న చెట్టు చుట్టూ, ఆ దూరానికీ దానికి రెట్టింపుకీ మధ్య, ఓ 30 సార్లు చోటు వెతకడం. దొరక్కపోతే ఆ చెట్టుని వదిలి ఇంకోదాని దగ్గరికి పోవడం. పెట్టి చూశాం. గుద్దుకోవడం పోయింది గానీ, చెట్లన్నీ పరీక్ష హాల్లో పిల్లల్లా కూర్చున్నాయి.

ఇక లాభం లేదని ఓ ఆదివారం కొండపల్లి వెళ్ళి కొండకేసి చూస్తూ కూర్చున్నా. వాన నీళ్ళు దిగే దారి వెంట గుబురు. నిటారు రాతి మీద ఏమీ లేదు. పెద్ద చెట్టు చుట్టూ దాని పిల్లలే. ఇప్పుడు మా పని అదే వరసలో నడుస్తోంది: ముందు వాలు, నీటి దారి చూసి పెద్ద చెట్లు, తర్వాత వాటి చుట్టూ చిన్నవి. మా దగ్గరున్నవి అరడజను కంప్యూటర్ చెట్ల మోడళ్ళే, కాబట్టి ప్రతి చెట్టునీ కాస్త తిప్పి, కాస్త పెంచీ తగ్గించీ పెట్టాలి.

ఇదంతా కొండకి. తోటకి ఇదే పెడితే కొంప మునిగినట్టే. నూజివీడు వైపు వీడియోలో మామిడి తోటని అడవిలా చల్లేశాం. మామిడి వరసల్లో ఉండాలని మాకు తట్టలేదు, ఆ కస్టమరుగారు మొహమాటానికి అనలేదు. క్షమించండి సార్, మీది మొదట సరిచేస్తున్నాం.

ఈ ఏడాది ఇచ్చిన వీడియోలన్నీ ఉచితంగా మళ్ళీ చేసిస్తాం. కొత్తగా ఇచ్చేవాళ్ళు డ్రాయింగులతో పాటు సైటులో ఇప్పుడున్న చెట్ల ఫొటోలు పంపండి, ఫోనులో తీసినవైనా చాలు.

మొన్న ఆ పెద్దాయనకి కొత్త వీడియో చూపించా. తాడిచెట్లు కొండ దిగి కాలవ గట్టు మీద వరసగా నిలబడ్డాయి. కాసేపు చూసి, "మరి ఈతచెట్లేవి?" అన్నారు. ఆ పది రోజుల్లో రెండు రోజులు వాటికే.