గిర్టన్‌లో చదువుతున్న మా అమ్మాయికి

తెనాలి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో అమ్మతో అన్నావట, "క్లబ్బులూ గిబ్బులూ నాకొద్దు, ఈ మూడేళ్లూ లెక్కలు తప్ప ఇంకేం పెట్టుకోను" అని. మాటల్లో నీతో నెగ్గడం నా వల్ల కాదు గనక రాస్తున్నాను.

నువ్వు చేరిన ఆ కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనే, అది ఆడపిల్లల కాలేజీగా ఉన్న రోజుల్లో, 1876లో సారా మార్క్స్ అనే అమ్మాయి చేరింది. హెర్తా అని పిలిచేవాళ్లు. తండ్రి గడియారాల పనివాడు, అప్పులు మిగిల్చి చిన్నప్పుడే పోయాడు. తల్లి కుట్టుపనితో పిల్లల్ని సాకింది. కాలేజీ పెట్టినవాళ్లలో ఒకరైన బార్బరా బోడిషాన్ ఆదుకోబట్టి ఈ పిల్ల గిర్టన్ గడప తొక్కింది. చదివేది గణితం, నీలాగే.

అప్పటి ఆడపిల్లల చదువంటే ఎంత కట్టుదిట్టమో చూడు. 1869లో ఎమిలీ డేవిస్ ఈ కాలేజీని అయిదుగురితో హిచిన్ అనే ఊళ్లో మొదలుపెట్టి, 1873లో గిర్టన్‌కు మార్చింది. కేంబ్రిడ్జికి రెండు మైళ్ల పైనే దూరం, కావాలనే. క్లాసుకు వెళ్లాలంటే వెంట ఒక పెద్దావిడ ఉండాలి. హిచిన్‌లో ఉండగా పిల్లలు షేక్స్‌పియర్ నాటకంలోని రంగాలు వేస్తూ మగవేషాలు కట్టారని ఎమిలీ గారికే కోపమొచ్చింది! ఇంతా చదివితే డిగ్రీ లేదు. కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో.

అంత ఇరుకులో హెర్తా ఏం చేసిందనుకున్నావ్? పాటల బృందాన్ని నడిపింది. షార్లెట్ స్కాట్ అనే స్నేహితురాలితో కలిసి గణిత క్లబ్బు పెట్టింది. కాలేజీ ఉన్నది ఊరికి దూరంగా కదా, నిప్పంటుకుంటే ఎవరొచ్చి ఆర్పాలి? అమ్మాయిలతోనే అగ్నిమాపక దళం కూడగట్టింది. ఆ పొడుగు గౌన్లతో మంటలార్పే కసరత్తు ఎలా చేశారో తలుచుకుంటే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

1880లో ఇద్దరూ ట్రైపాస్ అనే కేంబ్రిడ్జి గణితం ఆఖరి పరీక్ష రాశారు. ఆడవాళ్లకు ర్యాంకు ఇచ్చేవాళ్లు కాదు గాని, స్కాట్ మార్కులు ఎనిమిదో ర్యాంకుకు సమానం. ఫలితాలు ప్రకటించే సెనేట్ హౌస్‌లో ఎనిమిదో పేరు చదవబోతుంటే మగపిల్లలే "గిర్టన్ స్కాట్" అని అరిచారట. ఆవిడ కూడా క్లబ్బు పిల్లే, గుర్తుంచుకో. హెర్తాకేమో థర్డ్ క్లాసే.

ఇక నా సంగతికి వస్తాను. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన రోజుల్లో కార్బన్ కడ్డీల మధ్య వెలిగే కరెంటు మంట, దాన్నే ఆర్క్ అంటారు, ఉన్నట్టుండి బుసకొట్టేది. తెర మీద వెలుగు ఊగిసలాడేది, నేల టికెట్టు జనం ఈలలేసేవాళ్లు. నేను కడ్డీలు సర్దుకునేవాణ్ణే గాని ఎందుకలా అని ఆలోచించలేదు. కాలుతున్న కార్బన్‌కు గాలిలోని ఆక్సిజన్ తగలడం వల్లే ఆ బుస అని తేల్చింది ఈ థర్డ్ క్లాస్ హెర్తాయే. పెళ్లయ్యాక ఇంటిపేరు ఎయిర్టన్. 1899లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో తొలి మహిళా సభ్యురాలైంది. పెళ్లైన ఆడదానివని 1902లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ వాళ్లు సభ్యత్వం ఇవ్వలేదు. 1906లో వాళ్లే హ్యూస్ పతకం ఇచ్చారు. ఏం పెద్దమనుషులో!

చదువు పక్కన పెట్టమనడం లేదు, మార్కులు తగ్గితే అమ్మ ముందు నన్నే నిలదీస్తుంది. కానీ గదిలో ఒక్కదానివే కూర్చుని లెక్కతో కుస్తీ పట్టడం కంటే, స్కాట్ లాంటి పిల్ల పక్కన కూర్చోవడం మేలు కదా. అలాంటి పిల్ల తలుపు తట్టి నీ గదికి రాదు, నువ్వే వెళ్లి వెతుక్కోవాలి.

పాట నీకు వచ్చు, అమ్మ నేర్పిన కీర్తనలున్నాయి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎందులో పేరిచ్చావో నాకు చెప్పు. పడవలు నడిపే క్లబ్బు జోలికి మాత్రం పోకు, నీకు ఈత రాదు.

నాన్న