అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లల రోజుల లెక్క: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నేరం చేశారన్న ఆరోపణ మీద పట్టుబడిన పిల్లలను విచారణ నడిచేటప్పుడు ఉంచే చోటే అబ్జర్వేషన్ హోమ్.

కిందటేడు సర్వసభ్య సమావేశంలో మన పెద్దాయన ఒకరు లేచి, "ఏటా ఆగస్టు 15కి అబ్జర్వేషన్ హోమ్‌కి వెళ్లి అరటిపళ్లు, బిస్కెట్లు పంచి ఫొటోలు దిగి వస్తున్నాం. ఆ పిల్లలు అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారో మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. కార్యదర్శిగా ఉన్న నాకూ తెలియదు. ఈ ఏడాది మనం చేసిన పని మొత్తం ఆ ప్రశ్నలోంచే వచ్చింది.

మొదట ఆ ఫొటోల సంగతి. వాటిలో పిల్లల ముఖాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. 2015 నాటి జువైనల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లలెవరో బయటికి తెలిసేలా ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మన వాట్సాప్ గ్రూపులోంచి వాటన్నిటినీ తీయించాం. ఎవరి ఫోనులోనైనా ఇంకా ఉంటే దయచేసి తీసేయండి.

పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు, హోమ్ సూపరింటెండెంట్ గారు అనుమతి ఇచ్చాక ప్రతి నెలా రెండో ఆదివారం ముగ్గురం వెళ్లాం: రిటైరైన టీచరు గారు, నర్సుగా పనిచేస్తున్న మన సభ్యురాలు, నేను. మొదటి రెండుసార్లు అంతా బాగానే కనిపించింది. గదుల్లో ఫినాయిల్ వాసన, పరుపుల మీద మడత గీతలు కూడా పోని కొత్త దుప్పట్లు. మేం వస్తున్నట్టు ముందే తెలుసు కాబట్టే ఇలా ఉందని నర్సమ్మ అన్నారు. తేదీ ముందుగా చెప్పకుండా వచ్చేందుకు బోర్డును అనుమతి అడిగాం, ఇచ్చారు. మూడోసారి వెళ్లేసరికి ఆ దుప్పట్లు లేవు. కుళాయిల్లో కొన్నిటికి నీళ్లు రావడం లేదు. పిల్లలు చేతులు గోక్కుంటున్నారు.

అది గజ్జి. వేళ్ల సందుల్లో చూడగానే నర్సమ్మ పోల్చుకున్నారు. ఇద్దరికి మందు రాసి మిగతావాళ్లను వదిలేస్తే గజ్జి పోదు. ఒకే గదిలో పడుకునేవాళ్లందరికీ ఒకే రాత్రి మెడ నుంచి కాలివేళ్ల దాకా పెర్మెత్రిన్ అనే గజ్జి మందు పూయాలి, మర్నాడు పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, వారం తర్వాత మళ్లీ పూయాలి. హోమ్ డాక్టరు గారితో మాట్లాడి అలాగే చేయించారు. సిబ్బంది మనస్ఫూర్తిగా సహకరించారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం సులువే కానీ, ఉన్న కొద్దిమందే పగలూ రాత్రీ చూసుకుంటున్నారు. బాలల న్యాయ వ్యవస్థలో ఖాళీలు వెంటనే భర్తీ చేయాలని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. ఆ మాట మన కలెక్టరు గారికి రాసిన ఉత్తరంలో గుర్తుచేశాం.

భోజనం గురించి పిల్లలు పెద్దగా చెప్పలేదు. ఇంకేం కావాలని అడిగితే ఎక్కువమంది అన్నది ఒక్కటే: "అమ్మకు ఫోన్ చేయాలి." ప్రతి జిల్లాకీ హోమ్ లేదు. ఒకే హోమ్‌కి నాలుగైదు జిల్లాల పిల్లలు వస్తుంటే, కూలికి పోయే తల్లి రెండు బస్సులు మారి ములాఖత్‌కి, అంటే పిల్లవాణ్ని చూసి మాట్లాడటానికి, రావాలి. వచ్చినా ఆ రోజు ములాఖత్ లేదంటే మళ్లీ వెనక్కే. ఇప్పుడు ములాఖత్ రోజులు గేటు బయట తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాం.

ఫిర్యాదుల పెట్టె ఆఫీసు గుమ్మం పక్కనే ఉండేది. అందరూ చూస్తుండగా అందులో చీటీ వేసే ధైర్యం ఏ పిల్లవాడికి ఉంటుంది? దాన్ని మెట్ల మలుపులోకి మార్పించాం.

ఇక రోజుల లెక్క. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఇదే. దుప్పటి లేకపోతే కంటికి కనిపిస్తుంది, గడువు దాటిపోతే కనిపించదు. చట్టం ప్రకారం, పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, పిల్లవాణ్ని బోర్డు ముందు హాజరుపరచాలి. పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. బెయిలు ఇచ్చాక షరతులు తీర్చలేక ఏడు రోజులు గడిస్తే, షరతులు మార్చడానికి మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే అప్పటికీ తేలకపోతే విచారణ ముగిసిపోయినట్టే.

టీచరు గారు ఒక నోట్‌బుక్ పెట్టారు. అందులో పేర్లు ఉండవు, తేదీలే. పిల్లలకు తేదీలు తెలియవు. "వినాయక చవితి నిమజ్జనం రోజు", "మా ఊరి జాతరైన మూడోనాడు" అని చెబుతారు. టీచరు గారు క్యాలెండరు తిరగేసి వాటిని తేదీలుగా రాసుకున్నారు.

ఆ పుస్తకంలోనే ఒక అబ్బాయి దగ్గర ఆగిపోయాం. బెయిలు ఇచ్చి చాలా రోజులైంది, అయినా ఇంకా లోపలే. ఇద్దరు షూరిటీలు (జామీనుదారులు) కావాలన్నారని తల్లికి ఎవరో చెప్పారట. ఇటుక బట్టీలో పనిచేసే మనిషికి షూరిటీ ఎవరు నిలబడతారు? అందుకే ఆమె రావడమే మానేసింది. షూరిటీ లేకుండా కూడా బెయిలు ఇవ్వొచ్చని, ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో పంపవచ్చని అదే చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరు గారు అడిగారు, బోర్డు షరతు మార్చింది. ఆ అబ్బాయి గేటు దాటి వస్తుంటే తల్లి ముందుగా వాడి చేతులు తిప్పి చూసుకుంది. ఆ లాయరుకు రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఆదాయంతో పనిలేకుండా పిల్లలందరికీ న్యాయసహాయం ఉచితం. న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేస్తే చాలని మీ వీధిలో అందరికీ చెప్పండి.

బోర్డు ముందుకు తేవడానికి ముందు రెండు రాత్రులు స్టేషన్లోనే ఉంచారని కొందరు పిల్లలు చెప్పారు. అది నిజమో కాదో తేల్చాల్సింది మనం కాదు. కానీ తేల్చాల్సినవాళ్ల చెవిన పడాలి కాబట్టి విన్నది విన్నట్టు రాసి బోర్డుకు ఇచ్చాం.

"తప్పు చేసినవాళ్ల కోసం ఇంత తిరుగుడెందుకు?" అని మనలో కొందరు అడిగారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, దొంగతనం జరిగిన ఇంటివాళ్లూ మన సభ్యుల్లో ఉన్నారు. కానీ అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నది విచారణ నడుస్తున్న పిల్లలు. వాళ్లు తప్పు చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలిన తర్వాతైనా వాళ్లు తిరిగి వచ్చేది మన వీధికే, చేరాల్సింది మన బడిలోనే.

చేయలేకపోయినవీ ఉన్నాయి. ఆడపిల్లల హోమ్ దూరమని ఒక్కసారి కూడా వెళ్లలేదు. అది నా తప్పే, క్షమించండి. రాత్రిళ్లు నిద్రపట్టక కూర్చునే పిల్లలకు కౌన్సిలరు క్రమం తప్పకుండా వచ్చేలా చూడలేకపోయాం. పద్దులు కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. బస్సు చార్జీలు, మందులు, జిరాక్సులు తప్ప వేరే ఖర్చు లేదు.

వచ్చే ఏడాది ఆడపిల్లల హోమ్‌కి వెళ్లడానికి ఇద్దరు మహిళా సభ్యులు కావాలి. బట్టీల పనికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో మాట్లాడటానికి ఒడియా వచ్చినవాళ్లు ఒక్కరైనా కావాలి. ఆదివారాలు ఇవ్వగలిగినవాళ్లు ఈ సమావేశం ముగిసేలోగా టీచరు గారికి పేరు రాయించండి. అనుమతి పత్రం రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇట్లు,
కార్యదర్శి