నర్సమ్మకు కొవ్వొత్తి కాదు, కుర్చీ కావాలి

సంపాదకులకు,

మే 12న నర్సుల దినోత్సవం గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన ఫొటో చూసి వారం దాటింది. ఇంకా మింగుడుపడక రాస్తున్నాను. వేదిక మీద ప్రజాప్రతినిధులు, అధికారులు, డాక్టర్లు, శాలువాలు. కింద కొవ్వొత్తులు పట్టుకుని నర్సులు. ‘నడిచే దేవతలు’ అన్నారట. దేవతలతో సుఖమేమిటంటే, వాళ్లు జీతం అడగరు, మీటింగుకు పిలవక్కర్లేదు.

మూడు రోజులు తిరక్కుండానే అదే పేజీలో కాటన్ దొర జయంతి, విగ్రహానికి దండలు. ఈ రెండు ఫొటోలకూ చుట్టరికం ఉందని ఒక్కరికీ తట్టలేదు. ఆ మే 12న పుట్టిన, మనం దీపంతో సహా ఫ్రేము కట్టించిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ దేశంలో అడుగుపెట్టకపోయినా, 1870లలో మన కరువుల మీద లండన్‌లో రాసింది, కాలవలు తవ్వించాలన్న కాటన్ వాదాన్ని బలపరిచింది. క్రిమియా యుద్ధంలో గాయాలకన్నా రోగాలకే ఎక్కువమంది సైనికులు పోయారని లెక్కలు కట్టి, పటాలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. అది రాజకీయం కాక మరేమిటి? అదంతా వదిలేసి దీపం ఒక్కటి పట్టుకున్నాం.

ఇక లెక్కలంటారా, మన దగ్గరా ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రిలో మూడు పడకలకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదింటికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ అది మూడు షిఫ్టులకూ కలిపి! మామూలు ఆసుపత్రిలో షిఫ్టుకు చూస్తే పదిహేను పడకలకు ఒక్కరు. ముప్పై పడకల ఆసుపత్రి వార్డులో రాత్రికి కాగితం మీదే ఇద్దరు. ఒక పోస్టు ఖాళీగా ఉంటే మిగిలేది ఒక్కరు.

జులైలో గోదారి పొంగి, నది మధ్య లంక ఊళ్లలో పాములు ఇళ్లకెక్కే రోజుల్లో ఆ ఒక్క మనిషి దగ్గరికి పాముకాటు కేసు వచ్చిందనుకోండి. విషం రక్తానికెక్కిందో లేదో తేలాలంటే పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గాజైనా ఫలితం తప్పుతుంది. ఆ రక్తం గడ్డకట్టకపోతే పది వయల్స్ విరుగుడు మందు సెలైన్‌లో కలిపి గంటలోగా ఎక్కించాలి. మొదట్లో నర్సు ఆ మంచం పక్కనుంచి కదలకూడదు. మందు పడకపోతే దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం అప్పుడే మొదలవుతాయి. తొడ కండకు ఇవ్వడానికి అర మిల్లీగ్రాము అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. సరిగ్గా అప్పుడే లేబర్ రూములో కాన్పు అయితే? బిడ్డ పుట్టిన నిమిషంలో రక్తస్రావం కాకుండా పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలి, ఆ తర్వాత పావుగంటకోసారి గర్భసంచి గట్టిపడిందో లేదో, రక్తం ఎంత పోతోందో చూసుకోవాలి. రెండు గదులు, ఒకే మనిషి. ఏదైనా జరిగితే తెల్లారేసరికి ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని హెడ్డింగు పెట్టేది మీరే. మెమో ఆవిడకే. పోస్టు నింపనివాళ్లకు మెమో ఎవరిస్తారండీ?

వరద సమీక్షలూ ఇలాగే. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకల్లో ఎవరికి ఏ తేదీకి ప్రసవమో ఊరి నర్సు (ఏఎన్‌ఎం) రిజిస్టరులో ఉంటుంది. మొదటి హెచ్చరికకు ముందే కదిలిస్తే ఒక పంటు (బల్లకట్టు), ఒక ఆటో చాలు. మూడోదాకా ఆగితే గజ ఈతగాళ్లు, మరబోట్లు, మీ ఫొటోగ్రాఫరు. సమీక్షలో రెవెన్యూ, ఇరిగేషన్, పోలీసు అందరూ ఉంటారు. రిజిస్టరున్న మనిషి మాత్రం వరండాలో. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, కరెంటు పోతే జనరేటరు డీజిలు ఏ పద్దులోది అని అడిగే నోరు కూడా ఆ వరండాలోనే ఉంటుంది.

నర్సులనూ వదలను. ‘ఉద్యోగులం, మాకు రాజకీయాలెందుకు’ అంటారు. ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమాలు పార్టీలో చేరొద్దన్నాయి, పోటీ చేయొద్దన్నాయి. సంఘం తరఫున వినతిపత్రం ఇవ్వొద్దనలేదే! ప్రైవేటులో పనిచేసేవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ ఆ అడ్డూ లేదు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. సంతకం భార్యది, పెత్తనం భర్తది కావాలనుకునేవాళ్లు నర్సును నిలబెట్టరు. ఆవిడ చదవందే సంతకం పెట్టదు కాబట్టి. ముంబయి మేయరుగా చేసిన కిశోరీ పెడ్నేకర్ ఒకప్పుడు నర్సే.

యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే చెప్పింది. మన పట్టణాల నర్సింగ్ హోముల్లో ఎంతమందికి అందుతోందో చట్టసభలో అడగాలంటే ముందు ఓటుండాలి. బీఎస్సీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెండూ డిగ్రీలే. డిగ్రీ ఉన్నవాళ్లే ఓటేసే శాసనమండలి ఉభయ గోదావరి పట్టభద్రుల స్థానానికి 2025 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగింది, పదవీకాలం ఆరేళ్లు. మామూలు ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన ఇక్కడ చాలదు. కిందటిసారి నమోదైనా చెల్లదు, జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. నవంబరు 1 నాటికి డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండాలి, ఫారం-18 నింపాలి. విదేశాలకు వెళ్లడానికి జర్మన్ భాష నేర్చుకునే ఓపిక ఉన్న పిల్లలకు ఈ ఒక్క ఫారం బరువా? డిగ్రీలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే చిక్కు రావచ్చు, పెళ్లి సర్టిఫికెట్ నకలు ముందే జతచేసుకోండి.

– విశ్రాంత నర్సింగ్ ట్యూటర్, అమలాపురం