కిల్కెన్నీ కోట దానం కాదు, 50 పౌండ్ల బేరం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఐర్లండ్ కోటల మీద వచ్చిన వ్యాసం చదివాను. కిల్కెన్నీ కోట ఫొటో చక్కగా ఉంది. దాని కింద రాసిన రెండు మాటలే సరిగా లేవు. కోట నాలుగో వైపు కట్టకుండా వదిలేశారన్నారు. ప్రభువుల కుటుంబం కోటను ప్రజలకు దానం చేసిందన్నారు.

నేనుండేది ఈ ఊళ్ళోనే. సాయంత్రాలు పిల్లలను తీసుకుని కోట పార్కుకు వెళ్తుంటాను. అటువైపు నుంచి చూస్తే మూడు వైపులా భవనం, నాలుగో వైపు ఖాళీ. నిజమే, కట్టడం మధ్యలో ఆపేశారేమో అనిపిస్తుంది. కానీ నార్మన్ ప్రభువు విలియం మార్షల్ 13వ శతాబ్దం మొదట్లో ఇక్కడ రాతికోట కట్టించినప్పుడు నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు ఉండేవి. 1650లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఫిరంగులతో విరుచుకుపడింది. దెబ్బతిన్న తూర్పు గోడ, ఒక మూల బురుజు మళ్ళీ లేవలేదు. మిగిలినవి మూడు బురుజులే.

ఇక దానం సంగతి. మీరు చెప్పిన ప్రభువుల కుటుంబం, అంటే బట్లర్ వంశం, ఈ కోటను 1391లో కొనుక్కుని 1935 దాకా ఉంది. దాదాపు 550 ఏళ్ళు! చివరికి ఖర్చులు భరించలేక, లోపలి సామాను వేలం వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత 32 ఏళ్ళు కోట పాడుపడుతూ వచ్చింది. మనుషులుండని ఇల్లు ఎలా అవుతుందో మనకు తెలియనిది కాదు. 1967లో ఆ వంశపు వారసుడు ఆర్థర్ బట్లర్ దాన్ని ఊరి పునరుద్ధరణ కమిటీకి 50 పౌండ్లకు అమ్మాడు. అంత తక్కువకి ఇచ్చాడు కాబట్టి దానమే కదా అంటారేమో. ఆయన మంచి మనసును నేనూ కాదనను. కానీ 50 పౌండ్లకు వచ్చింది గోడలు, వాటితోపాటు అంతులేని రిపేర్లు. 1969లో ప్రభుత్వం చేతికి వెళ్ళింది. అప్పటి నుంచి ఆ భారం మోస్తున్నది పన్నులు కట్టే మామూలు జనం. ఇక్కడ జీతం తీసుకుంటున్నాను కాబట్టి అందులో నా వాటా కూడా చిటికెడు ఉందనుకోండి. వేలంలో పోయిన వస్తువుల్లో కొన్నిటిని వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చిందీ ప్రజల సొమ్ముతోనే. ఇదంతా వదిలేసి దానం అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఇచ్చినవాడి పేరు మిగులుతుంది, నిలబెట్టినవాళ్ళు కనబడకుండా పోతారు.

ఆన్‌లైన్ కాపీలోనైనా ఈ రెండూ సరిచేయండి. అలాగే మీ వ్యాసంలో కిల్కెన్నీని 'చిన్న టౌన్' అన్నారు. సైజులో చిన్నదే గానీ, 1609లో రాజు ఇచ్చిన చార్టర్‌తో (హోదా ఇచ్చే అధికార పత్రంతో) ఇది సిటీ అయింది. ఆ మాట మాత్రం ఇక్కడివాళ్ళ కంటపడకముందే మార్చండి.

ఒక పాఠకురాలు,
కిల్కెన్నీ, ఐర్లండ్